నూకాలు చింతపిక్కలు

ఊ కొట్టేవాళ్లు ముందుకు రండి, కునుకు తీసేవాళ్లు వెనక్కి జరగండి. మధ్యలో లేచి మంచినీళ్లంటే కథ ఆపేస్తాను, ముందే చెప్తున్నా.

అనగనగా, మనవాళ్లు చెరకు కోతకి ఓడలెక్కిపోయిన రోజుల్లో, రెండు పెద్ద సముద్రాలకి అవతల, కరీబియన్ దీవుల్లో ఒక రేవు పట్నం ఉండేది. చాలా పాత పట్నం. అందులో గంట మేడ ఉండేది, రాతి బావి ఉండేది, ఒడ్డున కోట ఉండేది. నెలకోసారి ఓడ వచ్చేది. పక్క దీవుల జనం పొద్దున్నే దిగి, ఊరంతా చూసి, పొద్దు వాలేసరికి మళ్లీ అదే ఓడ ఎక్కేవాళ్లు.

వాళ్లకి ఊరు చూపించేది నూకాలు. కోరంగి వైపు మనిషి. కాళ్లకి చెప్పుల్లేవు, చదువు లేదు, నా అన్నవాళ్లు లేరు. రోజూ చేపల బజారు ఊడ్చేది. ఓడ వచ్చిన రోజు మాత్రం చీపురు పక్కన పెట్టేది. గంట మేడ దగ్గర ఒక కథ, రాతి బావి దగ్గర ఒక కథ, కోటలో ఒక కథ చెప్పేది. అందులో సగం ఆవిడ అల్లినవే. అయితేనేం, వినసొంపుగా ఉండేవి.

ఆవిడకో పద్ధతి ఉంది. ఓడ దిగిన ప్రతి మనిషి చేతిలో ఒక చింతపిక్క పెట్టేది. అష్టాచెమ్మా ఆటకి మనం రాతిమీద అరగదీస్తామే, అలా ఒకవైపు తెల్లగా అరగదీసిన పిక్క. పెట్టి, "పోయేటప్పుడు నా పిక్క నాకిచ్చి పొండి" అనేది. సాయంత్రం ఓడ మెట్ల దగ్గర కొంగు పట్టుకుని నిలబడేది. జనం నవ్వుకుంటూ పిక్కలు వేసి ఎక్కేవాళ్లు. పిక్కల నూకాలని పేరు కూడా పెట్టారు. పెడితే పెట్టారు పొమ్మనుకుంది.

ఆ పద్ధతి ఊరికే రాలేదు. ఆవిడకి ఏడేళ్లప్పుడు తల్లితో ఓడలో వస్తోంది. దారిలో మంచినీళ్లకని ఒక రేవులో ఆగారు. తల్లి కుండ పట్టుకుని దిగింది. బయల్దేరేముందు ఓడ నడిపే సరంగు ఇంటి పెద్దల్ని పిలిచి, మీవాళ్లంతా ఎక్కారా అని అడిగాడు. ఎక్కారన్నారు. నూకాలు తల్లి తరఫున చెప్పడానికి ఏ పెద్దా లేడు. పిల్ల ఏడ్చింది. ఆ ఓడలో పిల్లల ఏడుపు ఎవరికి కొత్త? ఓడ కదిలిపోయింది. తల్లి మళ్లీ కనపడలేదు. ఆడుకోమని ఆ తల్లి అరగదీసి ఇచ్చిన పిక్కలే పిల్ల ఒళ్లో మిగిలాయి. ఆ పిక్కలే ఇవి.

ఊ కొడుతున్నారా? సరే.

ఒకనాడు ఇరవై ఒక్కమంది దిగారు. నూకాలు ఇరవై ఒక్క పిక్కలు పంచింది. గంట మేడ చూపించింది, రాతి బావి చూపించింది, కోట చూపించింది. సాయంత్రం కొంగులో చూసుకుంటే ఇరవయ్యే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. ఇరవయ్యే. మూడోసారీ ఇరవయ్యే.

ఇంకో మనిషి రావాలని సరంగుతో చెప్పింది. ఈ సరంగు వేరే, కానీ పద్ధతి అదే. ఇంటి పెద్దల్ని అడిగాను, అందరూ ఎక్కారు, గాలి మారకముందే పోవాలి, తప్పుకో అన్నాడు. ఓడలో ఒక కుర్రాడు వేళాకోళానికి జేబులోంచి ఏదో చింతపిక్క తీసి ఆవిడ కొంగులో వేశాడు. నూకాలు తిప్పి చూసింది. రెండువైపులా నల్లగానే ఉంది. దాన్ని పక్కన పెట్టి, ఓడ కట్టిన మోకుమీద చతికిలబడింది. నన్ను లేపి పొండి అంది.

సరంగు కళ్లెర్రజేశాడు. నూకాలు నెమ్మదిగా ఒకే మాట అడిగింది.

"ఎవరూ లేకుండా వచ్చినవాడి సంగతి ఎవరిని అడిగావు బాబూ?"

ఓడలో ఒక ముసలమ్మ అందుకుని, పొద్దున ఒక చెవిటాయన ఒంటరిగా దిగాడు, ఎక్కినట్టు లేదే అంది. ఆయనే పైడయ్య, పక్క దీవిలో చెరకు కోసే మనిషి. సరంగు మొహం వెలవెలబోయింది. లాంతరు తీసుకుని తనే నూకాలు వెంట నడిచాడు.

గంట మేడ దగ్గర చూశారు, లేడు. రాతి బావి దగ్గర చూశారు, లేడు. కోటకి పరుగెత్తారు.

కోటలో తుపాకీమందు దాచే కొట్టు ఒకటుంది. బారెడు మందం గోడలు. ఓడ వచ్చిన రోజు తప్ప దాని తలుపు తీయరు. మూడుసార్లు పిలిచే తాళం వేశాను, లోపల ఎవరూ లేరన్నాడు కాపలావాడు. నూకాలు తలుపుకి చెవి ఆనించింది. ఏమీ వినపడలేదు. అయినా తియ్యమంది. చెవిటివాడికి మూడు పిలుపులైతేనేం, ముప్ఫై అయితేనేం?

తీశారు. గడప దగ్గరే కూలబడి ఉన్నాడు పైడయ్య. నడిచి నడిచి, చల్లగా ఉందని ఆ మూల కునుకు తీశాడట. లేచేసరికి చీకటి. తలుపు బాది బాది చేతులు వాచిపోయాయి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. నెలరోజుల దాకా ఎవరూ రాని చోటు మరి! ఒక చెయ్యి మాత్రం పిడికిలి విప్పలేదు. నూకాలుని చూడగానే విప్పాడు.

"నీ పిక్క నా దగ్గరే ఉంది కదమ్మా. వస్తావులే అనుకున్నా."

నూకాలు ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. హమ్మయ్య, హమ్మయ్య, హమ్మయ్య అంది. నీళ్లు తాగించి, చెయ్యి పట్టుకుని ఓడ దాకా నడిపించింది. ఎన్నడూ ఎవరికీ చెప్పని తల్లి సంగతి ఆ దారిలో ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. పైడయ్య పిక్క కొంగులో పడితే ఓడంతా ఊపిరి పీల్చుకుంది. వేళాకోళం చేసినవాడే వంగి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాడు.

ఏళ్లు గడిచాయి. నూకాలు పోయింది. ఆ సంగతి తెలిసి పైడయ్య ఓడ దిగి, ఆవిడ పిక్కలన్నీ ఒక గిన్నెలో పోసి రేవు మెట్లమీద పెట్టాడు, ఆవిడ తల్లి సంగతి ఊరివాళ్లకి చెప్పాడు.

ఇప్పటికీ ఆ రేవులో ఊరు చూడవచ్చినవాళ్లకి తలా ఒక పిక్క ఇస్తారట. సాయంత్రం ఒంటరిగా వచ్చినవాళ్ల పిక్క ముందు తీసుకుంటారు, కుటుంబాలవి తర్వాత. అన్నీ చేరాక, ఎవరికీ ఇవ్వకుండా దాచిన పిక్క ఒకటి తీసి గిన్నెలో వేస్తారు. "నూకాలమ్మా, మీ అమ్మ కూడా ఎక్కింది" అంటారు.

అప్పుడు గానీ మోకు విప్పరు.