శాలువాకు దాచిన ఉన్ని

ఈనడానికి మూడు రోజుల ముందు మా అంగోరా కుందేలు ఒంటి మీది ఉన్ని అంతా కత్తిరించేశాను. తప్పు నాదే.

డెబ్బై అయిదు రోజులకోసారి కత్తిరించాలని పుస్తకంలో ఉంది. ఆ రోజు రానే వచ్చింది. ఉన్ని రెండున్నర అంగుళాల పొడుగు, ఎక్కడా చిక్కు లేదు. మా చింతపల్లి కొండల్లో ఇంటి దగ్గర కుందేళ్లు పెంచేవాళ్లెవరికీ అంత పొడుగు రాలేదని నాకు గర్వం. రేకు పెట్టెలో కాగితం పరిచి దాచాను.

నాలుగో రోజు తెల్లారి చూస్తే గూట్లో ఎనిమిది పిల్లలు. ఒక్కోటి వేలెడంత, ఒంటి మీద నూగు కూడా లేదు. తల్లి తన బొచ్చు పీకి వాటికి పక్క వేయాలి. దానికి పీకడానికేం మిగల్లేదు. పిల్లల్ని ఒట్టి గడ్డి మీద వేసి, తన చర్మాన్నే కొరుక్కుంటోంది. ఒక పిల్ల అప్పటికే పోయింది. మిగిలినవి చల్లబడుతున్నాయి.

పరుగెత్తి సిస్టర్ ఫెలిసిటాను పిలుచుకొచ్చాను. మా ఇంటికి పైన, వాలులో కాన్వెంటు. నాకు కుందేళ్ల పెంపకం నేర్పింది ఆవిడే. డెబ్బై నాలుగేళ్లు.

సిస్టర్ తన ఉన్ని టోపీ తీసి, ఏడు పిల్లల్నీ అందులో వేసి, స్వెట్టర్ లోపల పొట్టకు ఆనించుకుని పీట మీద కూర్చుంది.

"ఎప్పుడు కత్తిరించావు?"

"శుక్రవారం, సిస్టర్. డెబ్బై అయిదు రోజులైందని."

"దాని పొట్ట చూడలేదూ?"

"చూశాను. ఉన్ని చూసి పొట్ట సంగతి మర్చిపోయాను."

"పోనీలే, చదువుకున్నదానివైనా నిజం చెప్పావు."

పిల్లల కింద పరుద్దామని దూది పొట్లం విప్పాను.

"అది వద్దు, తడిసి అంటుకుపోతుంది. కత్తిరించింది ఏది?"

"అది మీకోసం దాచాను, సిస్టర్. మీరు మఠంలో చేరి యాభై ఏళ్లవుతోందిగా, శాలువా నేయిద్దామని."

"నాకా?"

"మీకే."

"అయితే నా ఉన్నే. నా ఇష్టం. పట్టుకురా."

పెట్టె తెచ్చాను. ఒక పాయ తీసి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత మంచిది నేనూ ఎప్పుడూ తీయలేదు" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కత్తెర అందుకుని నా చేతిలో పెట్టింది.

"అర అంగుళం ముక్కలు చెయ్యి. పొడుగ్గా ఉంటే పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది."

"అంతానా?"

"నాకు చలెక్కువమ్మా, ఇందుమతీ. అంతా."

కత్తిరించడం మొదలుపెట్టాను. చేతులు సాగడం లేదు.

"కానీ, కానీ. శుక్రవారం కూడా ఇంత నెమ్మదిగానే కత్తిరించావా?"

ఆ తర్వాత చకచకా కానిచ్చాను. ముక్కలన్నీ గూట్లో పోసి, గుంట చేసి, పిల్లల్ని దింపి పైన కప్పాం. కాసేపటికి ఉన్ని కదలసాగింది, లోపల దుప్పటి కోసం కొట్టుకుంటున్నట్టు. మధ్యాహ్నానికి తల్లి గూట్లోకి దూకి పాలిచ్చింది. ఏడింటి పొట్టలూ బుడగల్లా ఉబ్బాయి.

సిస్టర్ టోపీ దులిపి తలకు పెట్టుకుంది. గూట్లోకి తొంగి చూసింది.

"శాలువా బాగా కుదిరింది" అని వాలెక్కి వెళ్లిపోయింది.

ఇది జరిగి అయిదేళ్లయింది. కడుపుతో ఉన్న కుందేలు మీద, తేదీ ఏదైనా సరే, కత్తెర పెట్టకూడదని ఆ రోజే అనుకున్నాను. పెట్టలేదు.