గొల్యాతుకి ఎవరి మొహం?

అనగనగా ఒక పేట. పెద్ద ఊరేం కాదు బుజ్జీ, పొగాకు కాల్చే బారన్ల అవతల నాలుగు వీధులు, ఒక చర్చి, చర్చికి ఒక మైకు. మైకు గొంతు మాత్రం పేటకన్నా పెద్దది.

ఆ పేటలో కెజియా అని ఒక పిల్ల ఉండేది. పదకొండేళ్ళు, రెండు జడలు, ముందు పన్ను సగం విరిగింది. వాళ్ళ నాన్న గోడల మీద బైబిలు వాక్యాలు రాసే పెయింటరు. ఆయన చెయ్యే ఈ పిల్లకీ వచ్చింది. బొగ్గు ముక్క దొరికితే చాలు, ఏ గోడకైనా మొహం వచ్చేసేది.

కెజియాకి ఒక స్నేహితుడు, తీతు. పేరు చూస్తే పిట్టంత, మనిషి చూస్తే తాటిచెట్టంత. పన్నెండేళ్ళకే వాళ్ళ నాన్న చొక్కా బిగుతైపోయింది వాడికి. క్రిస్మస్ నాటకంలో ఏటా వాడికి ఒకటే వేషం, ఒంటె వెనక కాళ్ళు. దుప్పటి కింద వంగొని నడిచేవాడు పాపం, మొహం ఎవడికీ కనపడేది కాదు. కానీ పెన్సిలు చెక్కడంలో వాడి తర్వాతే ఎవరైనా. సగం బ్లేడుతో సూదిలా చెక్కిచ్చేవాడు. కెజియా గీతలు అంత సన్నగా వచ్చేవంటే సగం పేరు వాడిదే.

ఆ రోజుల్లో పిల్లలందరికీ ఒక బొమ్మల పుస్తకం పిచ్చి పట్టింది. అందులో ఉరుముల రంగడని ఒక వీరుడు. ఎర్ర ముసుగు, గుండె మీద మెరుపు, పేజీకో గుద్దు. గుద్దినప్పుడల్లా పక్కన పెద్దక్షరాలతో 'ఢమాల్' అని ఉండేది. చర్చిలో ప్రార్థనకి కళ్ళు మూసుకోమంటే, అందరూ ఒక కన్ను మూసి రెండో కంటితో రంగణ్ణి చదివేవాళ్ళు.

సండే స్కూలు టీచరు సువార్తమ్మ గారికి కళ్ళజోడు ఉండేది. ఆ కళ్ళజోడుకి అన్నీ కనపడేవి. ఎండాకాలం సెలవుల్లో చర్చిలో పది రోజులు పిల్లల బడి పెడతారు కదా, అప్పుడు ఆవిడ కెజియాని పిలిచి,

"ఏమే, ఆ రంగడి లాంటి పుస్తకం మన బైబిలు కథలతో చెయ్యలేవా? మూడు కథలు, మూడు పుస్తకాలు. జిరాక్సు నేను తీయిస్తా" అంది.

కెజియాకి ఎగిరి గంతేసినంత పనైంది.

మొదటి పుస్తకం మహా బలశాలి సంసోను కథ. కెజియా ఏం చేసిందంటే, రంగడి పేజీని కిటికీ అద్దానికి ఆనించి, పైన తెల్ల కాయితం పెట్టి, వెనక నుంచి ఎండ పడతంటే గీత మీద గీత గీసేసింది. ముసుగు తీసి గడ్డం పెట్టింది. మెరుపు తీసి సిలువ పెట్టింది. 'ఢమాల్' పక్కన 'హల్లెలూయా' చేర్చింది. అంతే, రంగడు మారుమనసు పొందాడు!

"సంసోను కాలానికి సిలువ ఎక్కడిదే?" అంది టీచరు.

"లేదుగానీ, ఉంటే బాగుంటది కదా టీచర్" అంది కెజియా.

పిల్లలు ఆ పుస్తకం కోసం చొక్కాలు చింపుకున్నారు. అప్పుడు టీచరు సంబరపడి, రెండోది దావీదు, గొల్యాతుల కథ అంది, దావీదనే కుర్రాడు వడిసెల రాయితో గొల్యాతనే కొండంత మనిషిని పడగొట్టిన కథ.

దావీదు సులువు. మళ్ళీ కిటికీ, మళ్ళీ రంగడే. మరి గొల్యాతో? రంగడి పుస్తకంలో అంత పెద్ద మనిషి లేడు. కెజియా తలెత్తి చూసింది. ఎదురుగా తీతు కూర్చొని ఆ పిల్ల పెన్సిలే చెక్కుతన్నాడు. ఫ్యాన్ కింద అందరికన్నా పైకి వాడి తల. ఇంకేం, చూసి గీసేసింది. ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చతో సహా. పది నిమిషాల్లో అయిపోయింది. అడగాలని కూడా తోచలా. ఒంటె వెనక కాళ్ళ కన్నా ఇది నయమే కదా అనుకుంది.

పుస్తకం చేతికొచ్చాక తీతు మొహం వెలిగిపోయింది. "నేనా? పేజీ మొత్తం నేనేనా?" అన్నాడు. ఆ తర్వాత పేజీ తిప్పాడు. నుదుట్లో రాయి. ఇంకో పేజీ తిప్పాడు. దావీదు చేతిలో తల వేలాడతంది, పుట్టుమచ్చతో సహా. వాడు పుస్తకం మూసి, బ్లేడు జేబులో పెట్టుకొని, గమ్మున వెళ్ళిపోయాడు.

అప్పుడు మొదలైంది చూడు. "రేయ్ గొల్యాతు వస్తన్నాడ్రోయ్!" అని ఒకడు. "దావీదు లేడా ఇక్కడ?" అని ఇంకొకడు. తొలిరోజు నవ్వులు. రెండో రోజు కాయితం ఉండలు. మూడో రోజు చేతి రుమాలు ముడేసి, అందులో కంకర రాయి పెట్టి, వడిసెల తిప్పినట్టు తిప్పి వదిలారు. అది పోయి తీతు చెవికి తగిలింది. చొక్కా భుజమంతా ఎరుపు.

వదిలిన పిల్లోడు ఏమని అరిచాడో తెలుసా? "ఢమాల్! హల్లెలూయా!"

ఆ మాట కెజియా చెవిన పడింది. అది ఆ పిల్ల రాసిన మాటే కదా.

తీతు చెవికి మూడు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత వాడు బడికి రాలా. కెజియా వాళ్ళింటికి పోయింది. వాళ్ళమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి, "పడుకున్నాడమ్మా" అంది. లోపల మంచం దాటి వాడి కాళ్ళు కనపడతన్నాయి, బొటనవేళ్ళు కదులుతన్నాయి.

"మా వాడి మొహం నిన్నేం చేసిందే?" అంది వాళ్ళమ్మ. తిట్టలా, కొట్టలా. ఊరికే అడిగింది.

కెజియా గుమ్మం దిగి తిరిగొచ్చేసింది.

ఇక్కడ టీచరేమో మూడో పుస్తకం అడగతంది. ఈసారి ప్రభువు కథ, ఆయన్ని తోటలో పట్టుకోడానికి వచ్చిన రోజు కథ. ఆఖరి రోజుకి ఇవ్వాలి. కెజియా మళ్ళీ కిటికీకి రంగణ్ణి ఆనించింది. రంగడి గుద్దు మీద ప్రభువు చెయ్యి పెట్టి గీయబోయింది. చెయ్యి సాగలా. పెన్సిలేమో మొద్దుబారిపోయింది. చెక్కేవాడేడి?

ఆ సాయంత్రం వాన పడింది. నాన్న తడిసి, విసుక్కుంటా వచ్చాడు. బస్టాండు గోడ మీద దేవుని ప్రేమ గురించి పోయిన వారమే వాక్యం రాశాడాయన. వానకి సున్నం కారిపోయి, కిందున్న పాత సర్కస్ బొమ్మలో పహిల్వాను బయటికొచ్చాడంట.

"ప్రేమ అన్న మాటకి మీసాలు మొలిచినాయి తల్లీ" అన్నాడు నాన్న. "జనం వాక్యం చదవట్లా, మీసాలు చూసి నవ్వతన్నారు. తప్పు నాదేలే. పాతది గీకి, ఆ తర్వాత సున్నం వెయ్యాలి. బద్ధకించి పైపైన పూశా."

కెజియా అప్పుడు లేచి, కిటికీ మీది రంగణ్ణి తీసి మడిచి పెట్టేసింది. తెల్ల కాయితం ఒక్కటే నేల మీద పరిచింది. కింద ఏ బొమ్మా లేదు.

తోట కథలో ఒక ముక్క ఉంది బుజ్జీ. ప్రభువుని పట్టుకోడానికి జనం వచ్చినప్పుడు ఆయన శిష్యుడు పేతురు కోపం ఆపుకోలేక కత్తి దూసి, వచ్చినవాళ్ళలో ఒక పనివాడి చెవి నరికేశాడు. ప్రభువు ఏం చేశాడు? కత్తి లోపల పెట్టమని పేతురికి చెప్పి, ఆ పనివాడి చెవి ముట్టి బాగు చేశాడు. ముందు కెజియా ఈ ముక్క వదిలేద్దాం అనుకుంది, ఫైట్ పాడైపోద్దని. ఇప్పుడు అదొక్కటే గీసింది.

ప్రభువుకి కండల్లేవు, గాల్లో ఎగిరే వస్త్రాల్లేవు. కింద పడ్డ మనిషి దగ్గర మోకాళ్ళేసుకొని, చెవి మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. ఆ పడ్డ మనిషికి మొహం గీయలా. అరచేతులతో మూసేసుకున్నట్టు గీసింది. ఇంకొకరి మొహం అడక్కుండా తీసుకోవడం ఇక చాలనుకుంది. ఎక్కడా 'ఢమాల్' లేదు.

టీచరు కాయితాలు తిప్పింది. "ఇదేందే, పేతురుకి రెండు జడలు? విరిగిన పన్నూ?"

"కత్తి పట్టుకుంది నేనే కదా టీచర్" అంది కెజియా.

సువార్తమ్మ గారు కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. ఆ తర్వాత, "పేతురు వెనక ఒకడు ఊరికే నిలబడి చూస్తన్నాడుగా, వాడికి ఈ కళ్ళజోడు పెట్టు" అంది.

ఆఖరి రోజు పుస్తకాలు పంచారు. పిల్లలు గబగబా తిప్పేశారు. "ఫైట్ ఏదే?" అన్నాడొకడు. "మరి గెలిచిందెవరు?" అన్నాడు ఇంకొకడు. రుమాలు తిప్పిన పిల్లోడు మాత్రం జేబులో ఉన్న రుమాలు ముడి విప్పుకుంటా కూర్చున్నాడు.

కెజియా ఒక పుస్తకం తీసుకొని తీతు వాళ్ళింటికి పోయింది. ఈసారి వాళ్ళమ్మ పక్కకి తప్పుకుంది. తీతు మంచం మీద కూర్చొని ఉన్నాడు, చెవికి తెల్ల పట్టీ. కెజియా పుస్తకం ఇచ్చి, "నీ మొహం అడక్కుండా వాడుకున్నా. తప్పే" అంది.

వాడు మొదటి పేజీ చూశాడు. రెండో పేజీ చూశాడు. రెండు జడల పేతురు దగ్గర ఆగాడు. కత్తి చూశాడు, పన్ను చూశాడు, ప్రభువు చెయ్యెక్కడుందో చూశాడు. వాడి చెయ్యి దానంతటదే పట్టీ మీదకి పోయింది.

అప్పుడు జేబులోంచి సగం బ్లేడు తీశాడు.

"పెన్సిలు ఇట్టా తే. ఇంతింత లావు గీతలేంది, అసయ్యంగా!" అన్నాడు.

అదీ కథ. ఇంక కళ్ళు మూసుకో. రెండూ మూసుకోవాలి, ఒకటి కాదు.

కత్తేమో ఒరలోకి, చెవేమో చోటికి,
బ్లేడేమో పెన్సిలికి, తీతేమో జట్టుకి,
కథేమో కంచికి, నిద్రేమో కంటికి,
నువ్వేమో నా ఒడికి.