మూడో వాటా

కాళ్ళు ఆడించడం ఆపు అమ్మడూ, దుప్పటి జారిపోతోంది. నీకు కుదురు లేదు కాబట్టి ఈ కథ కూడా కుదురు లేని మనిషిదే. విను.

అనగనగా గోదావరి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో ఇంటికొక సిపాయి. ఒక ఇంట్లో మంగతాయారు అని ఒక కోడలుండేది. మొగుడు సరిహద్దులో ఉన్నాడు. ఇంట్లో ఆమె, మావగారు పేరయ్య, ఇద్దరే.

ఆ ఇంటి అటక మీద ఒక సత్తు డబ్బా ఉండేది. నలుపలకలుగా, సొట్టలు పడి, మూత కూడా సరిగ్గా పడేది కాదు. పేరయ్య నాన్న చిట్టెయ్య బర్మా యుద్ధానికి వెళ్ళినప్పుడు సర్కారు ఇచ్చిన అన్నం డబ్బా అది.

ఏటా దసరాకి పేరయ్య దాన్ని దించేవాడు. చుట్టుపక్కల మగాళ్ళని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి, డబ్బాకి బొట్టు పెట్టి, ఒక ముద్ద అన్నం వేసి, నాన్న కథ చెప్పేవాడు. అప్పుడు మంగతాయారు ఎక్కడుండేదంటావ్? వంటింట్లో, గారెల మూకుడు ముందు. నూనె చిటపటలో ఆమెకి కథంతా వినపడేది కాదు. ఒక ఏడు 'ముగ్గురికీ ఒకటే డబ్బా' అని వినపడింది. ఇంకో ఏడు 'బాయినెట్టు మొనతో' అని. మరో ఏడు 'పళని రాలేదు' అని. పళని ఎవరో అడుగుదామనుకునేది. ఈలోగా గారె మాడేది.

ఆ తర్వాత అందరూ తిని వెళ్ళిపోయాక డబ్బా కడగడానికి వచ్చేది. చూస్తే మెతుకులన్నీ ఒక చివరే ఎండిపోయి ఉండేవి. "పెట్టేదేదో డబ్బా నిండా పెట్టొచ్చుగా, ఈ మూల పిసరంతేమిటి" అని సణుక్కుంటూ కొబ్బరి పీచుతో తోమి పెట్టేది.

ఒక ఏడు దసరా ముందు ఆమె అటక దులిపింది. అదే సమయానికి వీధిలోకి స్టీలు సామాన్ల బండి వచ్చింది. చిల్లులు పడ్డ సత్తు గిన్నెలతో పాటు ఆ డబ్బా కూడా వేసేసి, తళతళలాడే కొత్త డబ్బా తీసుకుంది. పూజకి ఏ డబ్బా అయితేనేం, కొత్తదైతే మావయ్య సంతోషిస్తాడనుకుంది.

మర్నాడు పొద్దున్న ఆయన చేతిలో పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"కొత్తది మావయ్యా. మూత గట్టిగా పడుతుంది."

"పాతదేది?"

"బండికి వేసేశాను."

పేరయ్య తిట్టలేదు. గుమ్మం మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "మా నాన్నది అదొక్కటే మిగిలిందమ్మా" అన్నాడు, అంతే.

తిట్టి ఉంటే ఆమె ఇంట్లోనే ఉండేదేమో. అప్పుడిక కూర్చోలేకపోయింది. పొయ్యి మీద పాలు దించి, కొత్త డబ్బా సంచిలో వేసుకుని, చెప్పులేసుకుని బయల్దేరింది.

మొదట బండివాడి ఇంటికి వెళ్ళింది. "నిన్ననే పాత సామాన్ల కొట్లో పడేశానక్కా" అన్నాడు. అప్పుడు బస్సెక్కి కొట్టుకి వెళ్ళింది. బస్సు ఆగిన ప్రతిచోటా లేచి నిలబడుతుంటే కండక్టరు, "కూర్చోవమ్మా, నువ్వు నిలబడితే బస్సు తొందరగా పోదు" అన్నాడు. కొట్టువాడు, "సత్తంతా పొద్దున్నే కొలిమికి పోయింది" అన్నాడు. ఆ తర్వాత కొలిమి దగ్గరికి రెండు మైళ్ళు నడిచింది. నడిచిందంటున్నాను గానీ, పరిగెత్తింది.

అక్కడ సత్తు కరిగించి కొత్త గిన్నెలు పోస్తారు. కొలిమి అప్పుడే రాజుకుంటోంది. కొలిమి పెద్దాయన ఒక కుప్ప చూపించాడు. అందులో అలాంటి డబ్బాలు బోలెడున్నాయి. అన్నీ సొట్టలే, అన్నీ మసే.

"సిపాయిల ఊళ్ళ సరుకమ్మా, అందరిళ్ళలోనూ ఉంటాయి. నీదేదో గుర్తు చెప్పి పట్టుకుపో. కొలిమి ఎర్రబడేదాకా ఆగుతాను."

గుర్తా? అన్నేళ్ళు కడిగింది గానీ ఒక్కసారైనా పరకాయించి చూడలేదు. కుప్ప చుట్టూ తిరిగింది. కూర్చుంది, లేచింది. ముగ్గురికీ ఒకటే డబ్బా. బాయినెట్టు మొనతో. ఒక మూలే అన్నం. అప్పుడు గుర్తొచ్చింది. తోమేటప్పుడు పీచు అడుగున రెండు చోట్ల తట్టుకునేది.

"కాస్త కొబ్బరి పీచు ఉందా అన్నా?"

"గిన్నెలు తోముతావా ఏంటి ఇక్కడ?" అని నవ్వుతూనే, మోకు కొసనుంచి ఇంత పీచు లాగి ఇచ్చాడు.

మొదటి డబ్బాలో పీచు జర్రున జారింది. రెండో దాంట్లోనూ జారింది. అప్పటికే కొలిమి తిత్తి బుసకొడుతోంది. మూడో దాంట్లో పీచు ఒకచోట తట్టుకుంది. కాస్త ముందుకి లాగింది. మళ్ళీ తట్టుకుంది.

కొంగుతో మసి తుడిచి చూస్తే, అడుగున అడ్డంగా రెండు గీతలు. రెండు గీతలకి మూడు వాటాలు.

కొత్త డబ్బా పెద్దాయన చేతిలో పెట్టి, పాతది చంకన పెట్టుకుని, ఇంటికొచ్చింది. డబ్బా మావగారి ఒళ్ళో పెట్టి, "తెలిసుంటే ఇచ్చేదాన్ని కాదు మావయ్యా. నాకెప్పుడూ చెప్పలేదు మీరు" అంది.

పేరయ్య గీతల మీద వేలు రాశాడు. "దసరా నాడు గారెలయ్యాక రా, మొదట్నుంచీ చెప్తాను" అన్నాడు.

దసరా వచ్చింది. మగాళ్ళు అరుగు మీద చేరారు. మంగతాయారు మూకుడు దించి, కట్టెలు వెనక్కి లాగి, వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"గారెలో?" అన్నాడు పక్కింటాయన.

"కథయ్యాక."

అప్పుడు కథంతా విన్నది. బర్మా అడవిలో ముగ్గురు సిపాయిలకి ఒక్క డబ్బానే మిగిలిందట. తగువు రాకుండా చిట్టెయ్య తుపాకీకి తగిలించే బాయినెట్టు మొనతో గీతలు గీశాడట. ఒకరోజు పళని అనే అరవ కుర్రాడు నీళ్ళకి వెళ్ళి తిరిగి రాలేదట. మిగిలిన ఇద్దరూ కడుపు కాలుతున్నా మూడో వాటా ముట్టుకోకుండా కూర్చున్నారట. ఆఖరికి ఆ అన్నం ఏంచేశారని అడిగితే, చిట్టెయ్య లేచి వెళ్ళిపోయేవాడట.

ఆ ఏడు మూడో వాటాలో ముద్ద పెట్టింది మంగతాయారే. గారెలు మాత్రం మధ్యాహ్నం మూడింటికి గానీ అవలేదు. ఆకలికి అందరూ తిట్టుకున్నారు. అయినా ఎవరూ లేచి వెళ్ళలేదు.

పళని వాళ్ళింట్లో ఈ సంగతి తెలుసో లేదో మరి. మనకి తెలుసు. రేపు అన్నం తినేటప్పుడు ఇదంతా నువ్వు నాకు తిరిగి చెప్పాలి, ఒక్క పేరూ తప్పకుండా. ఇప్పుడు కళ్ళు మూసుకో.

డబ్బా ఎక్కింది అటకకి,
నిద్దరొచ్చింది మంచానికి,
కథ బయల్దేరింది కంచికి,
చెప్పే వంతు నీ నోటికి.