నక్క చెప్పిన సొంత ఉదాహరణలు

జొన్నచేను పక్కన కోళ్లగూడు, గూడు పక్కన కోడిపిల్లల బడి. అది ఇంగ్లీషు మీడియం. కోడిపిల్లలకి ఇంగ్లీషు సాహిత్యం ఎందుకని నన్నడక్కండి. పిల్లల్ని తెలుగులో చదివించే కోడి ఈ రోజుల్లో ఎక్కడుంది?

పాఠాలు చెప్పే కొంగ మాస్టారు రిటైరయ్యాడు. అడవి నుంచి ఏనుగుగారు వచ్చి ఇంగ్లీషు సాహిత్యంలో పరీక్ష పెడతారనీ, నెగ్గినవాళ్లకే బడి అప్పగిస్తారనీ కబురొచ్చింది. దరఖాస్తు పెట్టింది ఒక్కడే, నక్క జంబయ్య.

తల్లికోడి చుక్కమ్మకి గుండె జారిపోయింది. అరక దున్నే ఎద్దు పుల్లన్న దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, నువ్వు కూడా పరీక్షకి కూచో! లేకపోతే నా పదకొండు మంది పిల్లలూ మొదటి పీరియడ్‌కే సరి!"

"నాకేమొచ్చే చుక్కమ్మా? ఏదో చెవిన పడింది కాస్త, అంతే."

నిజమే. రైతు కూతురు వాసంతి బి.ఏ. పరీక్షలకని మంచె మీద కూచుని, పిట్టల్ని తోలుతూ, సిమిలీ, మెటఫర్ అంటూ పైకి చదివేది. కింద పుల్లన్న నెమరేస్తూ వినేవాడు. విన్నదాన్ని కళ్లెదుట ఉన్నవాటితో సరిచూసుకునేవాడు. మబ్బు దున్నపోతులా ఉందంటే సిమిలీ. మబ్బే దున్నపోతంటే మెటఫర్. గాలి చేనుతో గుసగుసలాడిందంటే పర్సానిఫికేషన్. మా ఎద్దు కొండనైనా లాగేస్తుందని రైతు గొప్పలు పోతే హైపర్బొలీ.

జంబయ్యకి అంత ఓపిక లేదు. మంచె మీది వాసంతి గైడు ఎత్తుకుపోయి, అట్ట నుంచి అట్ట దాకా బట్టీ పట్టేశాడు. ఆ హడావిడిలో రెండు రోజులు తిండి కూడా మానేశాడు.

పరీక్ష నాడు పుల్లన్నని చూసి జంబయ్య పకపకా నవ్వాడు. "ఏం బావా, గైడు కూడా లేకుండా వచ్చావా? నీ ధైర్యాన్ని మెచ్చుకోవాలి!"

ఏనుగుగారు ప్రశ్న అడగడం ఆలస్యం, జంబయ్య నిర్వచనం అప్పజెప్పేసేవాడు. పుల్లన్న ఇంకా ఆలోచిస్తూనే ఉండేవాడు. పిల్లల్ని వెంటేసుకుని ముందు వరసలో కూచున్న చుక్కమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి.

అది చూశాడు పుల్లన్న. "అయ్యగారూ, చిన్న మనవి. గైడులో లేని ఉదాహరణలు, సొంతంగా చెప్పమని అడగండి."

"న్యాయమే," అన్నారు ఏనుగుగారు.

"ఓస్, అంతేనా!" అన్నాడు జంబయ్య. ఆకలితో కడుపు నకనకలాడుతోంది. ఎదురుగా బొద్దుబొద్దుగా పదకొండు పిల్లలు.

"సిమిలీ?"

"కోడిపిల్ల లడ్డూలా ఉంది!"

"బాగుంది. మెటఫర్?"

"ఈ బడి నా వంటిల్లు!"

ఏనుగుగారి చెవులు ఆడటం ఆగిపోయింది. "ఊఁ... హైపర్బొలీ?"

"ఒక్క గుటకలో వంద కోడిపిల్లల్ని మింగేస్తాను!"

"పర్సానిఫికేషన్?"

"నా పొట్ట నన్ను బతిమాలుతోంది, ఇంకెంతసేపురా జంబయ్యా అని!"

పిల్లలన్నీ చుక్కమ్మ రెక్కల కిందకి దూరిపోయాయి. అప్పటికి గానీ జంబయ్య నాలుక కరుచుకోలేదు. "హి హి... ఉత్త ఉదాహరణలే కదండీ!"

"అవునవును, ఒక్కటీ తప్పు లేదు," అన్నారు ఏనుగుగారు చల్లగా. "ఆఖరి ప్రశ్న ఇద్దరికీ. ఐరనీ?"

"జరగాల్సింది ఒకటైతే దానికి సరిగ్గా విరుద్ధంగా ఇంకోటి జరగడం. గైడులో నూట నాలుగో పేజీ."

"ఉదాహరణ?"

జంబయ్య నోరు తెరిచాడు. మళ్లీ ఏం ఊడిపడుతుందోనని భయపడి గబుక్కున మూసేశాడు.

"పుల్లన్నా, నువ్వు చెప్పు."

"కోడిపిల్లలకి పాఠాలు చెబుతానని నక్క దరఖాస్తు పెట్టడం, అయ్యగారూ."

ఏనుగుగారు నవ్విన నవ్వుకి జొన్నచేలో పిట్టలన్నీ లేచిపోయాయి. జంబయ్య తోక ముడిచి ఆ చేనుకి అడ్డంపడి పరుగెత్తాడు. పిల్లలు పదకొండూ కిచకిచలాడుతూ కొత్త మాస్టారి వీపెక్కాయి. చుక్కమ్మ సంతోషం పట్టలేక, తను పెట్టనన్న సంగతే మరిచి, పట్టపగలే కొక్కొరొకో అని కూసింది.

ఇందులో నేర్చుకోవాల్సింది ఒక్కటే: నిర్వచనం ఎవరైనా బట్టీ పట్టొచ్చు, సొంత ఉదాహరణలో మాత్రం ఎవరి కడుపులో ఉన్నది వాళ్లు కక్కేస్తారు.