పరాయి వేటగాడి సుంకం

ఏటికి ఇవతల, అడవిని ఆనుకుని ఒకానొక రాజ్యం ఉండేది. పేరు ఇప్పగిరి. దాన్ని ఏలే రణభీమ భూపతికి తన గొప్ప తాను చెప్పుకోనిదే పూట గడిచేది కాదు.

ఆయన్ని నవ్వించే కొలువు తిప్పాంబది. ఆమె ఏటికి అవతలున్న కోలపురం రాజ్యపు ఆడపడుచు. ఇక్కడి విదూషకుణ్ణి పెళ్ళాడి వచ్చింది. అతను పోయాక ఆ పీట ఆమెకు దక్కింది. పిల్లల్లేరు. పగలంతా సభను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించి, ఇంటికి వెళ్ళాక ఒక్క మాటా పలకకుండా అన్నం తినేది. పలకడానికి ఎవరున్నారు గనక?

వేట రోజుల్లో మాత్రం ఆ ఇంటికి ప్రాణం వచ్చేది. ఆమె అన్న కాటన్న కుక్కల్నీ వలల్నీ వేసుకుని ఏరు దాటి వచ్చేవాడు. వసారాలో దుప్పి మాంసం ఎండుతుంటే, అన్నాచెల్లెళ్ళిద్దరూ పుట్టింటి ఊరివాళ్ళ మీద ఒకరిని మించి ఒకరు చాడీలు చెప్పుకునేవారు.

ఆ యేడు రాజుగారు నిండు సభలో మీసం దువ్వారు.

"మన దుప్పులు మనవాళ్ళవి. పరాయి రాజ్యంవాడు ఇక్కడ వేటాడాలంటే ఇకమీదట పదింతల సుంకం కట్టాల్సిందే."

సభ భళా అంది. తిప్పాంబకు అన్న గుర్తొచ్చాడు. కాటన్న వేట మీద బతికే మనిషి. అంత సుంకం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

"పరాయివాణ్ణి పోల్చుకోవడం ఎలా ప్రభూ? ముఖాన రాసి ఉండదు కదా" అంది.

"ఆ మాత్రం తెలీదా? మన నేల మీద పుట్టినవాడు మనవాడు. పుట్టనివాడు పరాయివాడు."

"ఎంత తేలిగ్గా తేల్చేశారు! ఆ సుంకం వసూలు చేసే పనేదో నాకే ఇప్పించండి. అవతలి ఒడ్డు యాస నాకు తెలుసు, ఒక్కడూ తప్పించుకోలేడు."

రాజుగారు మురిసిపోయి ఇప్పించారు.

అడవి మొదట్లో సుంకం చావడి. దాని అరుగు మీద కూర్చుంటే పడవల రేవు కనిపిస్తుంది. తిప్పాంబ పొద్దస్తమానం అటే చూసేది. అవతలి నుంచి ఒక్క పడవా రాలేదు. కావలి భటులు ఏదైనా నవ్వుల కథ చెప్పమనేవారు. చెప్పేది. నవ్వుకుని వాళ్ళ దారిన వాళ్ళు ఇళ్ళకు పోయేవారు.

చివరికి ఒకనాడు రాజుగారే వేటకు బయలుదేరారు. ముందు డప్పులు, భుజాల మీద డేగలు, వెనక పరివారం. తిప్పాంబ దారికి అడ్డంగా కర్ర దించింది.

"తమరు పుట్టిందెక్కడ ప్రభూ?"

"నాతో వేళాకోళమా?"

"మీ ఆజ్ఞే కదా. అందర్నీ అడుగుతున్నాను."

"నా పుట్టుక లోకమెరుగును" అన్నారు రాజుగారు గుర్రం మీద నిటారుగా సర్దుకుంటూ. "మా అమ్మగారికి నేను తొలిచూలు. తాతగారి కోటలో నేను కెవ్వుమంటే ఏనుగులన్నీ తొండాలెత్తి..."

ఏనుగుల దగ్గరే ఆయన మాట ఆగిపోయింది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళని ఆడపిల్ల ఏ ఒడ్డునా ఉండదు. రాజుగారి తల్లీ అలాగే వెళ్ళారు. ఆ తాతగారి కోట ఉన్నదేమో కోలపురంలో.

"పదింతలు ప్రభూ" అని తిప్పాంబ చెయ్యి చాపింది.

పరివారమంతా తలలు దించుకుని గుర్రాల గిట్టలు చూస్తోంది. రాజుగారి ముఖం కందగడ్డయింది.

"అమ్మ పురిటికి వెళ్తే నేను పరాయివాణ్ణయిపోతానా? పుట్టిన చోటుతో ఏం పని? అయినవాళ్ళు ఎక్కడుంటే మనిషి అక్కడివాడు. నావాళ్ళంతా ఇక్కడే ఉన్నారు."

"ఇదైనా ఖాయమేనా? మళ్ళీ మారుస్తారా?"

"రణభీముడు మాట మార్చడం ఎప్పుడైనా విన్నావా?"

"ఇప్పుడే విన్నాను. పోనివ్వండి. అయితే మా అన్న కూడా ఈ రాజ్యంవాడే. అతనికి నేనిక్కడున్నాను కదా. పాత సుంకానికే రానివ్వాలి."

"నువ్వొక్కదానివేగా ఉన్నది?"

"అతనికి ఒక్కదాన్ని చాలు. నాకే ఆ ఒక్కరూ లేరు. మీ మాట ప్రకారం చూస్తే, ఇన్నేళ్ళుగా మిమ్మల్ని నవ్విస్తున్న నేనే ఇక్కడ పరాయిదాన్ని. కర్ర ఎవరికి అడ్డం పెట్టాలో మీరే చెప్పండి."

భటుల్లో ఒక్కరూ నవ్వలేదు. రాజుగారు ముందు మీసాల్లో, తర్వాత జీను కదిలేలా నవ్వారు.

"ఒక వల తప్పించుకుని రెండో దాంట్లో పడ్డాను. ఇక్కడ అయినవాళ్ళున్న వేటగాడికి పాత సుంకమే. తక్కినవాళ్ళకు మాత్రం పదింతలే. అడవి నాది."

"మీదే ప్రభూ. దాని మీద నాకు పేచీ లేదు."

మెడలోని ముత్యాల పేరు తీసి బహుమానంగా ఆమె చేతిలో పెట్టి, దండోరా వేసేవాణ్ణి వెంటనే పడవెక్కించమన్నారు. అతను పోబోతుంటే రాజుగారు గొంతు తగ్గించారు.

"మా మేనమామ కోటలో కూడా చెప్పు. ఆయన ఒళ్ళో కూర్చోబెట్టే నాకు చెవులు కుట్టించారు. సుంకానికి కాదులే, పరాయివాడని నేనన్న మాటకు అలిగి ఉంటారు. ఈ యేడు వేటకు రాలేదు."

గుర్రం దిగి ఆ అరుగు మీదే తిప్పాంబకు కాస్త ఎడంగా కూర్చున్నారు. డేగల కళ్ళగంతలు విప్పమంటారా అని భటుడు అడిగితే వినిపించుకోలేదు. పడవ ఏటి నడుమకు పోయి చిన్నదైపోయింది. ఇద్దరూ అటే చూస్తూ ఉండిపోయారు.