బంతి మడిలో ముగ్గుగీత

పూర్ణయ్య గురువుగారిని ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పరు. "చూద్దాం" అని ఊరుకుంటారు. ఆ సంగతి తెలిసీ, శిష్యుడు చిదంబరం ఒక శుక్రవారం ఉక్రోషం పట్టలేక అడిగేశాడు.

"దయ చూపించేవాళ్ళం ఇంతమందిమి ఉండగా, హక్కంటూ పోట్లాడటం దేనికండీ?"

ఆ ఉక్రోషం నీలవేణి మీద. పదకొండేళ్ళ పిల్ల, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ప్రతి శుక్రవారం పక్క బడి పిల్లలతో కలిసి గురువుగారి ప్రసంగానికి వస్తోంది. ప్రసంగశాలకు మూడు మెట్లు. నడవలేనివాళ్ళను చేతుల మీద పైకి చేర్చి ముందు వరసలో కూర్చోబెట్టడం ఆశ్రమ సంప్రదాయం. చిదంబరానికి అది పూజతో సమానం. ఆ పిల్ల మాత్రం చేతులు అడ్డం పెట్టింది.

"నాకూ వినాలనే ఉందండీ. కానీ మీరు కూర్చోబెడితే, మళ్ళీ మీరొచ్చి ఎత్తేదాకా అక్కడే ఉండాలి కదా. వాలుదారి కట్టించండి."

అంతటితో ఆగారా! పిల్లలంతా ఆమెతోపాటు మెట్ల కిందే బైఠాయించారు. మెట్లు కొలిచి, అడుగున్నర ఎత్తుకు పద్దెనిమిది అడుగుల వాలు కావాలని తేల్చి, నేల మీద ముగ్గుపిండితో గీత గీశారు. అది సరాసరి చిదంబరం కన్నబిడ్డలా పెంచుకున్న బంతి మడిలోంచి పోయింది. అతను చెరిపేశాడు. వాళ్ళు మరుసటి శుక్రవారం మళ్ళీ గీశారు. పిట్ట కొంచెం కూత ఘనం అని ఊరికే అన్నారా! మూడు వారాలు ఇదే తంతు.

చిదంబరం ప్రశ్నకు "చూద్దాం" అన్న గురువుగారు, మర్నాడు అతని చేతికి పార ఇచ్చి గీత చూపించారు. పూలమొక్కలు పెకలిస్తుంటే పాపం అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

దారి పూర్తయ్యాక వచ్చిన శుక్రవారం, నీలవేణి తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ పైకి వచ్చింది. వెనకాల పిల్లలు చప్పట్లు. చిదంబరానికి ఒళ్ళు పులకరించింది. ఆ పట్టుదల ముందు తన బంతిపూలు ఏపాటివి అనిపించింది. ప్రసంగం మొదలైంది. నీలవేణి పావుగంట విని, ఆవులించి, కుర్చీ తిప్పుకుని చక్కా బయటికి పోయింది.

చిదంబరానికి తల కొట్టేసినట్టయింది. జనం వెళ్ళేదాకా ఆగి, "మడి తవ్వి దారి వేస్తే ఇదాండీ మర్యాద!" అన్నాడు.

గురువుగారు పకపకా నవ్వారు.

"ఇరవై ఏళ్ళుగా నువ్వు మోసుకొచ్చినవాళ్ళలో ఒక్కరూ మధ్యలో వెళ్ళిపోలేదు నాయనా. నేను బాగా చెబుతున్నాననే అనుకున్నాను."