లారీలాపిన తాతాజీ

ముప్పై మీటర్ల లోతు దాకా నేల ఎంత గట్టిదో, నేల పరీక్షలు చేసే తాతాజీకి తెలియాలి. రేపు పొద్దున్నకల్లా తెలియాలి. కోనసీమలో కొబ్బరితోట పక్కన మూడంతస్తుల బడి కడుతున్నారు. పునాది ఎంత లోతుకి దించాలో అతని కాగితం చూసే తేలుస్తారు. నేలలో అడ్డంగా ఊగుతూ సాగే అల మెల్లగా నడిస్తే నేల మెత్తన, చురుగ్గా నడిస్తే గట్టి. అంతవరకూ తాతాజీకి వచ్చు. మిగతాదీ వచ్చన్న నమ్మకం ఇంకా బాగా వచ్చు.

నేల ఊపు పట్టే పెట్టెలు ఏడు వరసగా పెట్టాడు. ఏ అదురూ ఉండకూడదని రోడ్డుకి తాడు కట్టించి, కాయల లారీలు ఆపించాడు. నేలలో అల పుట్టేలా ఇనపపలక మీద సమ్మెటతో బాదడం మొదలెట్టాడు.

"భూదేవి తలుపు తియ్యట్లేదా బాబూ?" అన్నాడు ముందు లారీ డ్రైవరు అప్పలకొండ. వెనకాల అందరూ నవ్వారు.

మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. అప్పుడొచ్చారు మొహిద్దీన్ మాస్టారు, అతనికి ఈ విద్య నేర్పిన పెద్దాయన. కాగితం అందుకున్నారు.

"పది మీటర్ల దాకా బావుంది. ఆ కింద?"

"సమ్మెట దెబ్బ అంతకంటే దిగట్లేదండి. కిందా ఇలాగే గట్టిగా ఉంటుందని రాసేశాను."

"ఎవరు చెప్పారు?"

తాతాజీ చుట్టూ చూశాడు. చెప్పినవాళ్లెవరూ కనబడలేదు. "నేనేనండి."

మాస్టారు కాగితం తిరిగిచ్చేశారు. పెట్టెల్ని దూరదూరంగా, గుండ్రంగా మార్పించారు. రోడ్డు దాకా నడిచివెళ్లి తాడు విప్పేశారు.

"మాస్టారూ, లారీల రొదంతా పెట్టెల్లో పడిపోతుందండీ!"

"పడనీ."

లారీలు కదిలాయి. తోటలో కాయలు దబ్బుదబ్బున రాలుతున్నాయి. పది మైళ్ల అవతల సముద్రం ఒడ్డుని కొడుతూనే ఉంది; ఆ ఊపు మన కాళ్లకి తెలియదు, పెట్టెలకి తెలుస్తుంది. మాస్టారు తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. తాతాజీ రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ ఆయన చెయ్యెత్తారు. గంటన్నర గడిచింది.

పెట్టెలు పట్టిన ఆ రొదతోనే కంప్యూటర్లో లెక్క కట్టారు. ఎంత పొడుగాటి అలైతే అంత లోతు చూసివస్తుంది. సముద్రం దిక్కునుంచి వచ్చినవి చాలా పొడుగైనవి. పద్దెనిమిది మీటర్ల దగ్గర వేగం ఒక్కసారిగా పడిపోయింది. అక్కణ్ణించి ముప్పై దాకా మెత్తటి బంకమట్టే.

తాతాజీ తను రాసిన "గట్టి నేల" వైపు చూశాడు. దాని మీద బెంచీలు వేసుకుని కూర్చోబోయే మూడొందల మంది పిల్లలు కనిపించారు. కాగితం నాలుగు ముక్కలు చేశాడు.

"పొద్దున్నించీ నేను బాదుతూనే ఉన్నానండి. మీరొచ్చి ఏం చేశారు మాస్టారూ?"

మాస్టారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

"అడ్డం రాలేదు."